కాగితం మిల్లు నుంచి మూత్రాశయానికి

డైమిథైల్ సల్ఫాక్సైడ్ చుక్క చేతిమీద పడితే కాసేపటికే నోట్లో వెల్లుల్లి రుచి తగులుతుంది. చర్మం దాటి రక్తంలో కలిసి, కొంత డైమిథైల్ సల్ఫైడ్‌గా మారి ఊపిరితో బయటికొస్తుంది. డీఎంఎస్‌ఓ అని పొట్టిగా పిలిచే ఈ ద్రవాన్ని మందుగా నిలబెట్టిందీ, చిక్కుల్లో పడేసిందీ ఈ చొచ్చుకుపోయే గుణమే.

1866లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ జైత్సెవ్ దీన్ని తయారుచేశాడు. చాలాకాలం వైద్యులెవరూ దానివైపు చూడలేదు. కాగితపు గుజ్జు తీయగా మిగిలే లిగ్నిన్ నుంచి దీన్ని తయారు చేయొచ్చు కాబట్టి, అమెరికాలో క్రౌన్ జెల్లర్‌బాక్ అనే కాగితం కంపెనీ కొత్త వాడకాల కోసం వెతికింది. 1959లో బ్రిటన్‌లో లవ్‌లాక్, బిషప్ అనే శాస్త్రవేత్తలు గడ్డకట్టే చలిలో జీవకణాలను ఇది కాపాడుతుందని చూపారు.

అవయవాలను నిల్వచేసే దారి వెతుకుతున్న ఆరెగాన్ సర్జన్ స్టాన్లీ జేకబ్ దీన్ని చేతికి తీసుకుని నొప్పులకూ వాపులకూ వాడి చూశాడు. పత్రికలు అద్భుతౌషధమని ఆకాశానికెత్తాయి. పరిశ్రమల కోసం అమ్మే సరుకునే కొని కీళ్లకు పూసుకున్నవాళ్లూ ఉన్నారు. అందులోని మలినాలు కూడా దాంతోపాటు ఒంట్లోకి పోగలవు. ప్రయోగ జంతువుల కంటి కటకాల్లో మార్పులు కనిపించడంతో 1965లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షలను ఆపించింది.

చివరికి దీనికి చోటు దొరికింది మూత్రాశయంలో. ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అనే జబ్బులో మూత్రాశయం గోడ ఏళ్ల తరబడి వాచి ఉంటుంది. ఆ గోడమీది పుండ్లను 1915లో బాల్టిమోర్ వైద్యుడు గై హన్నర్ వర్ణించాడు. కొందరిలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పేరుకుని గోడ మచ్చకట్టి బిగుసుకుంటుంది. మామూలుగా 400-500 మిల్లీలీటర్లు పట్టే సంచి కుంచించుకుపోతుంది. మూత్రం తిరిగి ఒంట్లోకి ఇంకకుండా కాపాడే లోపలి పొర, బయటి నుంచి పోసిన మందులనూ చాలావరకు అడ్డుకుంటుంది. డీఎంఎస్‌ఓ మాత్రం దాన్ని దాటి గోడలోకి దిగుతుంది.

1978లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. వాడే పద్ధతి తేలికే: 50 శాతం ద్రావణం 50 మిల్లీలీటర్లు సన్నని గొట్టంతో లోపలికి పంపి, 15 నిమిషాలు ఉంచి, మూత్రంతో పోయనిస్తారు. ఉపశమనం దొరికేదాకా రెండు వారాలకోసారి మళ్లీ చేస్తారు. ఊపిరిలో వెల్లుల్లి వాసన 72 గంటల దాకా ఉండొచ్చు.

పరిశోధకులకు అసలు తలనొప్పి ఈ వాసనే. ఎవరికి మందు పడిందో, ఎవరికి ఉత్త నీళ్లు పడ్డాయో రోగికీ వైద్యుడికీ తెలియకుండా పరీక్ష జరపాలి. ఇక్కడ నోరు తెరిస్తే గుట్టు రట్టవుతుంది. అందుకే ఉపశమనంలో మందు వాటా ఎంతో తేల్చడం కష్టమైంది. వాపు తగ్గించడం, నొప్పి నరాలను నెమ్మదింపజేయడం, కొల్లాజెన్‌ను సడలించడం అని దీనికి చెప్పే మూడు పనుల్లో దేని వాటా ఎంతో కూడా తేలలేదు.

ముదిరి గట్టిపడిన మచ్చను మాత్రం ఈ మందు కరిగించలేదు. ఆ దశలో కొందరికి పేగు ముక్క అతికించి సంచిని పెద్దది చేసే ఆపరేషనే దిక్కు. వాపు మచ్చగా మారకముందే వైద్యుణ్ణి చేరిన రోగికే ఈ మందుతో ఎక్కువ మేలు.