నిన్నటిదాకా ఫైర్‌మన్.. ఇవాళ టీమ్ లీడర్: అసలు ఏం మారుతుంది?

నిన్నటిదాకా పైపు పట్టుకుని మంటల దగ్గరికి పరిగెత్తిన మనిషి, ఇవాళ లీడింగ్ ఫైర్‌మన్. ప్రమోషన్ ఒక్క ఆర్డర్‌తో వచ్చేస్తుంది. నాయకత్వం మాత్రం ఆ కాగితంతో రాదు. నంద్యాల జిల్లా ఆత్మకూరు లాంటి చోట ఈ తేడా ప్రాణాలతో ముడిపడిన విషయం. ఒకవైపు నల్లమల అడవి, మరోవైపు పల్లెల్లో గడ్డివాములు. పెద్ద మంట లేస్తే పక్క ఊరి ఫైరింజన్ వచ్చేదాకా ఉన్న మనుషులతో, ఉన్న నీళ్లతోనే నెట్టుకురావాలి.

ఎవరి పని ఏంటి?

బండి నడిపేది, పంపు చూసేది డ్రైవర్ ఆపరేటర్. మంటతో నేరుగా తలపడేది ఫైర్‌మన్. వాళ్లను ముందుండి నడిపించేది లీడింగ్ ఫైర్‌మన్. స్టేషన్ మొత్తానికి బాధ్యుడు స్టేషన్ ఫైర్ ఆఫీసర్. ఆ పైన జిల్లా అధికారులు ఉంటారు.

చేతుల పని కాదు.. కళ్ల పని

కొత్త లీడర్‌కు మొదటి పరీక్ష ఇదే. అలవాటు కొద్దీ పైపు అందుకోవాలనిపిస్తుంది. కానీ ఆయన కూడా పైపు పట్టుకుంటే గాలి ఎటు మళ్లింది, కరెంటు తీయించారా, సిలిండర్ ఎక్కడుంది, లోపల ఎవరైనా ఉన్నారా అనేది చూసేదెవరు?

నీళ్ల లెక్కా ఆయనదే. ట్యాంకులో 4,500 లీటర్లు ఉన్నాయనుకుందాం. నిమిషానికి 450 లీటర్లు వదిలితే పది నిమిషాల్లో ఖాళీ. అందుకే మొదటి నిమిషంలోనే దగ్గర్లో బోరు ఉందా, చెరువు ఉందా అని ఆరా తీయాలి. కాలుతున్న వామిని వదిలేసి పక్క వామిని, పక్క ఇంటిని కాపాడాల్సి రావచ్చు. రైతు ఏడుస్తుంటే ఆ నిర్ణయం తీసుకోవడం అంత ఈజీ కాదు.

నిన్న 'అన్నా'.. ఇవాళ ఆర్డర్

ఇంకో చిక్కు స్టేషన్‌లోనే ఉంటుంది. నిన్నటిదాకా 'అన్నా' అని పిలిచిన సీనియర్‌కే ఇవాళ పని చెప్పాలి. గదమాయిస్తే మనసు విరుగుతుంది. మొహమాటపడితే మంట దగ్గర మాట చెల్లదు. 'అన్నా' అనే పిలుపు అలాగే ఉంచుకోవచ్చు, మాటలో మాత్రం స్పష్టత ఉండాలి.

ఆ నమ్మకం లేకపోతే ఏమవుతుందో 1949 ఆగస్టు 5న అమెరికాలో తేలింది. మోంటానా రాష్ట్రం మాన్ గల్చ్ లోయలో గడ్డి మంట తరుముకొస్తోంది. టీమ్ లీడర్ వాగ్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టారు. కాలిపోయిన చోటికి మంట మళ్లీ రాదు కదా! ఆ బూడిదలోకి రమ్మని అందరినీ పిలిచారు. ఒక్కరూ వెళ్లలేదు. ఆయనతో కలిసి పనిచేసిన అనుభవం చాలామందికి పెద్దగా లేదు. ఆయన చేస్తున్నదేంటో వాళ్లకు అర్థం కాలేదు. 13 మంది చనిపోయారు. బూడిదలో పడుకున్న డాడ్జ్ బతికారు.

అంటే నమ్మకం మంట దగ్గర పుట్టదు. రోజూ చేసే డ్రిల్‌లో, 'ఇలా ఎందుకు చేస్తున్నాం' అని ముందే చెప్పుకోవడంలో పుడుతుంది.

మంట ఆరాక కూడా..

మనుషుల లెక్క సరిచూడాలి. ఎవరికైనా దెబ్బ తగిలిందా, పొగ పట్టిందా చూడాలి. పొరపాట్లు జరిగితే జనం ముందు కాదు, స్టేషన్‌కు వెళ్లాక మాట్లాడుకోవాలి. వివరాలు పక్కాగా రాసుకోవాలి. బాధితుల ఇన్సూరెన్స్‌కు ఫైర్ రిపోర్టే ఆధారం అవుతుంది.

మరి మనమేం చేయాలి?

101కి ఫోన్ చేసి ఊరి పేరుతో పాటు దగ్గరి గుర్తు చెప్పండి. బండికి దారి ఇవ్వండి. టీమ్ రాగానే అందరూ ఒకేసారి అరవకుండా, ఒక్కరు వెళ్లి లీడర్‌కు రెండు ముక్కలు చెప్పండి: లోపల ఎవరున్నారు, సిలిండర్ ఎక్కడుంది. ఆయన సరైన నిర్ణయం తీసుకోవడానికి ముందుగా కావాల్సినవి అవే.