“ఇక చాలు” అను గుర్తు

మొన్న నొక సాయంకాలము పదవ తరగతి చదువుచున్న మా మేనకోడలు ఉత్పలమాల లక్షణమును కృత్రిమ మేధతో పనిచేయు నొక చాట్‌బాట్‌ను అడిగినది. నేను ప్రక్కనే యుంటిని. తెరపై మాటలు ఒకదాని వెంట నొకటి రాసాగినవి. తొలి పంక్తిలోనే న, జ, భ, జ, జ, జ, ర అను గణములు కనబడినవి. అవి చంపకమాలవి. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ లని తెలుగు బడిలో చదివినవా రెల్లరు నెరుగుదురు.

“ఆపవమ్మా!” అంటిని.

“ఉండండి మామయ్యా, చివర దిద్దుకుంటుందేమో!” అన్నది.

దిద్దుకొనలేదు. పాదమునకు 21 అక్షరము లనియు, 11వ అక్షరము యతిస్థాన మనియు నిస్సంకోచముగ సాగిపోయినది. నిజమునకు అక్షరములు 20, యతి 10వ అక్షరమున. తప్పు ఒక్కటియే, తక్కినదంతయు దానికి చక్కగ పొసగి యున్నది. తెలియనివారిని మోసపుచ్చునది ఆ పొందికయే.

యంత్రము జవాబును ముందుగనే సిద్ధపరచుకొని, మన ముచ్చట కొరకు మెల్లమెల్లగ చూపుచున్నదని పలువురు తలంతురు. అట్లు కాదు. అది మాటలను చిన్న ముక్కలుగ గ్రహించును. వానికి టోకెన్లని పేరు. అంతవరకు నున్న పాఠమును బట్టి, తరువాత రాదగిన ముక్క నొకదానిని ఎన్నుకొని చేర్చును. ఆ చేర్చినదానితో కలిపి చూచి మరియొక ముక్కను ఎన్నుకొనును. తాను వ్రాసిన తప్పు సైతము రాబోవు మాటకు ఆధారమగును. ముందుగ చిత్తు వ్రాసికొని ఆలోచించు యంత్రములు నేడు గలవు గాని, ఆ చిత్తు కూడ ఇట్లే ముక్క వెంట ముక్కగ పుట్టవలసినదే.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడిన పిదప ఇట్టి సంభాషణ యంత్రములు మన యిండ్లకు వచ్చినవి. జవాబు సాగుచుండగ నడుమ నాపుటకు పెక్కింటియందు ఒక చిన్న చతురస్రపు గుర్తు ఉండును. దానిని నొక్కినచో, చక్కగ నిర్మించిన ఏర్పాటులో దూరమున నున్న కంప్యూటరు కూడ వ్రాయుట మానును. అట్లు నిర్మింపనిచో మన తెర మాత్రమే ఆగును; అక్కడ వ్రాత సాగుచునే యుండును, విద్యుత్తు ఖర్చగుచునే యుండును.

తెలుగువారికి ఈ గుర్తుతో పని మరికొంత ఎక్కువ. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలును. అకారమునకో, గుడిదీర్ఘమునకో, మన లిపిలోని ప్రతి సంకేతమునకు 3 బైట్లు కావలెను. పైగా, ముక్కలు చేయు పద్ధతులు పెక్కు ఆంగ్లపాఠములు ప్రధానముగ ఏర్పడినవి. కావున ఒకే విషయము తెలుగున చెప్పుటకు తరచుగ ఎక్కువ ముక్కలు పట్టును. తప్పు జవాబు ముగియుటకును అంతసేపు వేచియుండవలెను!

ఆపినంత మాత్రమున అంతయు తుడిచిపెట్టుకొని పోదు. సగము జవాబు సాధారణముగ సంభాషణలో నిలిచియుండును. “కొనసాగింపుము” అన్నచో యంత్రము ఆ తప్పు మీదనే కట్టుకొనిపోవచ్చును. అందుచే ప్రశ్ననే మార్చి వ్రాయుట మేలు. ఇంటి కంప్యూటరులో ఫైళ్లు మార్చుటకో, ఉత్తరములు పంపుటకో యంత్రమునకు అధికార మిచ్చినప్పుడు మరింత జాగ్రత్త వలయును. నడుమ నాపినను, పోయిన ఉత్తరము వెనుకకు రాదు.

ఇదంతయు విని మా మేనకోడలు, “మీకు గణాలు తెలుసు కాబట్టి ఆపమన్నారు. నాకు తెలియని పాఠమైతే ఎక్కడ ఆపను మామయ్యా?” అన్నది.

నాకు వెంటనే బదులు తోచలేదు. పాఠ్యపుస్తకము తెమ్మంటిని. అందులో ఉత్పలమాల యని పేర్కొనిన పద్యము నొకటి వెదకి, పెన్సిలుతో గురులఘువులు గుర్తింప మొదలిడినది. మొదటి పాదము తుదిని 20వ అక్షరము కడ పెన్సిలు నిలిపి, మరల మొదటినుండి లెక్కించినది.