పీహెచ్‌డీ అయింది... ఇక పోస్ట్‌డాక్‌!

కోరుకొండ నరసింహస్వామి కొండ చుట్టుపక్కల పల్లెల నుంచి యూనివర్సిటీ చదువుకు ఇప్పుడు దూరాలు వెళ్లక్కర్లేదు. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పక్కనే రాజానగరంలో ఉంది. డాక్టరేట్‌ చేతికొచ్చాక లెక్చరర్‌ పోస్టు ఒక్కటే దారి అనుకోనవసరం లేదు. రెండు మూడేళ్లు జీతం తీసుకుంటూ, సొంత ప్రశ్న మీద పనిచేసే పోస్ట్‌డాక్టరల్‌ పరిశోధన కూడా ఉంది.

గోదావరి జిల్లాల మనిషి ఒకరు నూరేళ్ల కిందటే ఆ దారి పట్టారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్‌ చేరారు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ చారిటీస్‌ ఖర్చుకు ఆదుకున్నారు. హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాలో మాలిబ్డేట్‌ కలిపి, క్షయకరణి చేరిస్తే ద్రావణం నీలంగా మారుతుంది. ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫరస్‌ ఉన్నట్టు. ఆ కొలతే వాళ్లను కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌, ఏటీపీల దాకా తీసుకెళ్లింది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. మరో పదేళ్లు పనిచేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ లేబొరేటరీస్‌కు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో రూపొందిన మందుల్లో డీఈసీ ఒకటి. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర అదే!

ఎక్కడెక్కడ అవకాశాలు?

సుబ్బారావు మామగారి, దాతల సాయంతో నెట్టుకొచ్చిన చోట ఇప్పుడు ఫెలోషిప్పులున్నాయి. అనుసంధాన్‌ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌ (ఏఎన్‌ఆర్‌ఎఫ్‌) ఇచ్చే నేషనల్‌ పోస్ట్‌ డాక్టరల్‌ ఫెలోషిప్‌ రెండేళ్లు. వయసు 35 దాటకూడదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. కేంద్ర ప్రాజెక్టుల్లో రీసెర్చ్‌ అసోసియేట్‌కు 2023 సవరణ ప్రకారం నెలకు రూ.58,000 నుంచి రూ.67,000, దానిపై ఇంటి అద్దె భత్యం.

ఆరోగ్య రంగంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్‌) పోస్ట్‌డాక్‌లున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, బోదకాలుపై దశాబ్దాలుగా పనిచేస్తున్న పుదుచ్చేరి వెక్టర్‌ కంట్రోల్‌ రీసెర్చ్‌ సెంటర్‌ ఐసీఎంఆర్‌ సంస్థలే. ఐరోపా వెళ్లాలంటే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఏ దేశస్థులైనా అర్హులు; పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం ఎనిమిదేళ్లు దాటకూడదు.

చాలా ఫెలోషిప్పులకు ముందుగా కావాల్సింది తన లాబ్‌లో చేర్చుకుంటానని ఒక శాస్త్రవేత్త ఇచ్చే అంగీకారం. అందరికీ ఒకే లేఖ పంపితే జవాబు రావడం కష్టం. వాళ్ల ఇటీవలి పేపర్లు రెండు చదివి, అందులో మిగిలిపోయిన ప్రశ్నను తాము ఎలా పట్టుకుంటారో ఒక్క పేజీలో రాయాలి. పోస్టు తాత్కాలికమే కనుక ఆ తర్వాత ఏంటన్నదీ అప్పుడే అడగాలి. థీసిస్‌ సమర్పించడానికి ఏడాది ముందే ఆ ఉత్తరాలు మొదలుపెడితే మంచిది. వయోపరిమితి గడియారం ఎవరి కోసమూ ఆగదు, ఎంపికకు నెలలు పడతాయి.