ఆ ఒక్క ‘గాని’ మనకెందుకు?



ఆ మధ్య మండపేటలో మాకు తెలిసిన ఒక ఇంట పెళ్ళిచూపులు జరిగాయి. అమ్మాయి డిగ్రీ చదివింది. సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పుతుంది. వచ్చినవారు కాఫీలు తాగి, ప్రార్థన చేసుకుని వెళ్ళారు. రెండు రోజులకు మధ్యవర్తి వచ్చి, “పిల్ల మంచిదే గానండీ, రంగు కాస్త తక్కువంటున్నారు” అన్నాడు. పక్కగదిలో ఉన్న అమ్మాయి ఆ మాట విన్నది. “అప్పటినుండి మా పిల్ల అద్దం ముందు నిలబడడం మానేసిందండీ” అని తల్లి మా దగ్గర కంటతడి పెట్టారు.

ఆ ‘గాని’ మా మనసులో ముల్లులా గుచ్చుకుంది. నిజంగా ప్రేమించినవారు అందాన్ని ఎలా చూస్తారో చూద్దామని రెండు పుస్తకాలు మరల తెరిచాము. ఒకటి బైబిలులోని పరమగీతము. రెండవది 1925లో అచ్చయిన నండూరి వెంకట సుబ్బారావుగారి ‘యెంకి పాటలు’. ఆయన 1895లో ఏలూరు దగ్గరి వసంతవాడలో జన్మించి, ఏలూరులో న్యాయవాదిగా పనిచేసి, 1957లో కన్నుమూశారు. పల్లెవారి వాడుకమాటలతోనే ఆ పాటలు కట్టారు.

పరమగీతములోని యువతి ఎండలో కమిలిన పిల్ల. అన్నలు కోపించి ద్రాక్షతోటలకు కాపలా పెట్టినందున తన మేని రంగు మారిందని తానే చెబుతుంది. అయినా తాను అందగత్తెనని అనడానికి ఆమె జంకదు. ప్రియుడు ఆమెను పొగడడానికి తన దేశమంతటినీ తెచ్చుకుంటాడు. కురులను గిలాదు కొండ దిగివచ్చే మేకలమందతో పోలుస్తాడు. మెడ దావీదు గోపురమట! మనకు నవ్వు రావచ్చు. కాని గొర్రెల కాపరికి మందకంటె కలిమి ఏముంది? కొండవాలున కదిలే నల్లని మందను దూరంనుండి చూస్తే ఆ పోలికలోని సొగసు తెలుస్తుంది. అయిదవ అధ్యాయంలో ఆమె కూడా అతని అందాన్ని తల మొదలుకొని వర్ణిస్తుంది. అక్కడ చూపులు ఇరువైపులా ఉన్నాయి.

నాయుడుబావకు ఇన్ని పోలికలు అక్కరలేదు. యెంకి మెడలో పూసల పేరు, తలలో పూలు, చెక్కిలి మీద చిన్న మచ్చ. అంతే. ఆమె కన్నులెత్తి చూస్తే చాలు, అతనికి బంగారం కురిసినట్టే. రాజుల ఇంటికైనా ఆమెవల్లనే కళ వస్తుందంటాడు. పెళ్ళిచూపుల్లో లోపంగా ఎంచే మచ్చ అతని లెక్కలో లక్షకు మించినది!

ఒకరు కొండలనూ గోపురాలనూ పిలిచారు, మరొకరు పూసలతో సరిపెట్టుకున్నారు. దారులు వేరు. అయితే ఈ ఇద్దరు ప్రియులలో ఎవరూ “బాగుంది గాని” అనలేదు.

ఇంకొక సంగతి. పరమగీతము మొదటి అధ్యాయంలో తన నలుపునూ అందాన్నీ చెప్పుకొనే చోట మన తెలుగు బైబిలు ‘అయినను’ అనే అర్థంతో ఆ రెండింటినీ కలిపింది. హెబ్రీ మూలంలో అక్కడున్నది ఒక్క అక్షరం. దానికి ‘అయినను’ అనీ చెప్పవచ్చు, ‘మరియు’ అనీ చెప్పవచ్చు. ‘మరియు’ అని చదివి చూడండి. నలుపు ఒక లోపమనీ, అందం దానికి పరిహారమనీ అనిపించదు. రెండూ ఆమెవే.

ఈ గ్రంథాన్ని క్రీస్తుకూ సంఘానికీ గల ప్రేమకు గుర్తుగా సంఘము ఎంతోకాలంగా చదువుతూ వచ్చింది. ఆ ప్రేమను గూర్చి ఆదివారం పాడి, సోమవారం కోడలి రంగును తూచవచ్చునా?

తల్లులారా, తెల్లబడే క్రీములు కొనే ముందు మీ బిడ్డను ఒకసారి దగ్గరకు తీసుకుని, “నువ్వు చక్కనిదానివమ్మా” అని చెప్పండి. కుమారులున్న తల్లిదండ్రులారా, ఈసారి సంబంధం చూసి వచ్చినప్పుడు “పిల్ల మంచిది” అనండి. ‘గాని’ నోటిదాకా వస్తే అక్కడే ఆపండి. గోడకు అవతల ఒక ఆడపిల్ల వింటూ ఉంటుంది.