గూడూరు నుంచి రాధానగర్ తీరానికి: దూరాన్ని ఎలా కొలవాలి?

1. పరిచయం

"మీ ఊరు ఎంత దూరం?" అని అడిగితే మనలో చాలామంది కిలోమీటర్లు చెప్పరు. "గంట ప్రయాణం" అంటారు, లేదా "రెండు బస్సులు మారాలి" అంటారు. రవాణా భూగోళశాస్త్రంలో దూరాన్ని ఈ మూడు రకాలుగానూ కొలుస్తారు: కిలోమీటర్లలో, కాలంలో, వ్యయంలో. వీటికి తోడు నాలుగో కొలత ఒకటి ఉంది. అది దారిలో వాహనం మారవలసిన చోట్ల సంఖ్య. ఈ చోట్లను మార్పిడి స్థానాలు అంటారు. ఈ పాఠంలో మనం ముఖ్యంగా పరిశీలించేది ఈ నాలుగో కొలతనే.

ఇందుకు ఉదాహరణగా సముద్రానికి దూరంగా ఉన్న పశ్చిమ కర్నూలు ప్రాంతం నుంచి ఒక ప్రసిద్ధ ద్వీప తీరానికి చేసే ప్రయాణాన్ని తీసుకుందాం. బయలుదేరే చోటు కర్నూలు జిల్లాలోని మండల కేంద్రం గూడూరు. చేరవలసిన చోటు అండమాన్ దీవులలో, స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ బీచ్. 2018 డిసెంబరు వరకు ఈ ద్వీపం పేరు హావ్‌లాక్. 2020లో మన దేశంలో తొలిసారిగా 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు పొందిన ఎనిమిది తీరాలలో విశాఖపట్నంలోని రుషికొండతో పాటు రాధానగర్ కూడా ఉంది.

ఒక హెచ్చరిక. రైల్వే టైంటేబుల్‌లో కనిపించే గూడూరు జంక్షన్ మరో జిల్లాలోనిది. మన గూడూరుకు రైలు లేదు.

2. ప్రయాణంలోని దశలు

గూడూరు నుంచి కర్నూలుకు బస్సులో సుమారు గంట పడుతుంది. కర్నూలులో చెన్నై రైలు ఎక్కవచ్చు. ఎమ్మిగనూరు వైపు వారికైతే ముంబై - చెన్నై ప్రధాన మార్గంలో ఉన్న ఆదోని, మంత్రాలయం రోడ్డు స్టేషన్లు దగ్గర. ఎక్కడ ఎక్కినా చెన్నైకి ఒక రాత్రి ప్రయాణం.

చెన్నై నుంచి అండమాన్ రాజధాని శ్రీ విజయపురానికి (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) సముద్రమార్గంలో దాదాపు 1,190 కిలోమీటర్లు. ఓడలో సుమారు 60 గంటలు, విమానంలో రెండుంబావు గంటలు పడుతుంది. విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి కూడా ఓడలు ఉన్నాయి గాని, విశాఖ నుంచి అంత తరచుగా ఉండవు.

శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు వంతెన లేదు. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ ఫెర్రీలో రెండు నుంచి రెండున్నర గంటలు, ప్రైవేటు కాటమరాన్‌లో సుమారు గంటన్నర పడుతుంది. ద్వీపంలో దిగాక జెట్టీ నుంచి రాధానగర్‌కు మరో 12 కిలోమీటర్లు. ఇక్కడ బస్సు, ఆటో, అద్దె స్కూటర్లు దొరుకుతాయి.

3. టెర్మినల్ వ్యయం, మార్గ వ్యయం

ఒకే ప్రయాణానికి ఇన్ని సాధనాలు ఎందుకు అవసరమవుతున్నాయి? అమెరికా ఆర్థికవేత్త ఎడ్గార్ హూవర్ రవాణా వ్యయాన్ని రెండు భాగాలుగా విడదీసి వివరించాడు. మొదటిది టెర్మినల్ వ్యయం, అంటే ఎక్కించడానికి, దించడానికి, స్టేషన్లు, రేవులు నిర్వహించడానికి అయ్యేది. రెండవది మార్గ వ్యయం, అంటే కదిలిన దూరాన్ని బట్టి పెరిగేది.

ఆదోని మార్కెట్‌లో పత్తి బేళ్లను లారీకెత్తడం మీరు చూసే ఉంటారు. ఆ లారీ పది కిలోమీటర్లు వెళ్లినా, వెయ్యి కిలోమీటర్లు వెళ్లినా హమాలీ కూలి ఒకటే. ఇది టెర్మినల్ వ్యయం. దూరంతో పాటు పెరిగే డీజిలు ఖర్చు మార్గ వ్యయం.

రోడ్డు రవాణాకు టెర్మినల్ వ్యయం తక్కువ, మార్గ వ్యయం ఎక్కువ. అందుకే కొద్ది దూరాలకు బస్సు, లారీ అనువైనవి. ఓడకు రేవు, క్రేన్లు, సిబ్బంది కావాలి కనుక టెర్మినల్ వ్యయం చాలా ఎక్కువ. కాని ఒకసారి కదిలాక కిలోమీటరుకు అయ్యే ఖర్చు అన్నిటికంటే తక్కువ. రైలు ఈ రెండింటికీ మధ్యన నిలుస్తుంది. అందువల్ల దూరం పెరిగేకొద్దీ రోడ్డు నుంచి రైలుకు, రైలు నుంచి ఓడకు మారడం లాభదాయకం.

అయితే ప్రతి మార్పిడి దగ్గర టెర్మినల్ వ్యయం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ప్రయాణికుడి విషయంలో అది డబ్బు రూపంలోనే కాక, వేచి ఉండే కాలం రూపంలో కూడా కనిపిస్తుంది.

4. రెండు మార్గాల పోలిక

ఇప్పుడు లెక్క వేద్దాం. చెన్నై రైలు ప్రయాణాన్ని 12 గంటలుగా అనుకుందాం.

ఓడ మార్గం: బస్సు 1, రైలు 12, ఓడ 60, ఫెర్రీ 2.5, ద్వీపంలో బస్సు 0.5, మొత్తం 76 గంటలు.

విమాన మార్గం: బస్సు 1, రైలు 12, విమానం 2.25, ఫెర్రీ 2.5, బస్సు 0.5, మొత్తం సుమారు 18 గంటలు.

విమానం 58 గంటలు ఆదా చేసింది. మరి మార్పిడులు? ఊళ్లలోని ఆటోలను, సిటీ బస్సులను పక్కన పెడితే, ఓడ మార్గంలో నాలుగు, విమాన మార్గంలోనూ నాలుగే. వేగం నాలుగింతలైనా మార్పిడి ఒక్కటీ తగ్గలేదు. మధ్యాహ్నం దిగిన ప్రయాణికుడికి ఆ రోజు చివరి ఫెర్రీ తప్పిపోతే ఆ రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండాలి. విమానం ఆదా చేసిన గంటలలో కొన్నింటిని రేవు తిరిగి తీసుకుంటుంది. ఓడ మార్గంలో నిరీక్షణ ఇంకా ఎక్కువ. చెన్నై నుంచి ఓడలు నెలలో కొన్నిసార్లే బయలుదేరుతాయి. ఆ తేదీ తప్పితే రోజుల తరబడి ఆగాలి.

ఫెర్రీ దశను తప్పించే ప్రయత్నమూ జరిగింది. నీటి మీద దిగగల చిన్న విమానంతో 'జల్ హంస్' సర్వీసును 2010 డిసెంబరులో ప్రారంభించారు. అది ఎక్కువ కాలం సాగలేదు. హెలికాప్టర్ ఉంది గాని సీట్లు బహు తక్కువ.

5. అదే పడవ, వేర్వేరు అవసరాలు

పర్యాటకుడికి ఫెర్రీ విహారంలో ఒక భాగం. ద్వీపవాసికి అదే ఆస్పత్రి దారి, కళాశాల దారి, సంత దారి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు స్వరాజ్ ద్వీప్‌లో భూములిచ్చి గ్రామాలు ఏర్పాటు చేశారు. అండమాన్ నికోబార్ దీవుల మొత్తం జనాభాలో 2011 జనగణన ప్రకారం నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన కుటుంబాలు ఎక్కువ. ప్రభుత్వ పడవలలో స్థానికులకు తక్కువ చార్జీలు, హెలికాప్టర్‌లో రోగులకు ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. టికెట్ దొరకని పర్యాటకుడికి ఇది ఇబ్బందిగా తోచవచ్చు. కాని అతనికి పోయేది ఒక రోజు సెలవు. రోగికి పోయేది ప్రాణం కావచ్చు.

6. మార్గం తెగినప్పుడు

ఒక గొలుసు బలం దానిలోని బలహీనమైన లంకెను బట్టి ఉంటుంది. ఈ ప్రయాణంలో ఆ లంకె ఫెర్రీ. 2016 డిసెంబరులో బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం వల్ల (అదే తర్వాత వర్దా తుఫానుగా మారింది) పడవలు ఆగిపోయి, వెయ్యి మందికి పైగా పర్యాటకులు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లలో చిక్కుకుపోయారు. నౌకాదళ ఓడలు, హెలికాప్టర్లు వెళ్లి వారిని తీసుకురావలసి వచ్చింది. దీని నుంచి ప్రయాణికుడు నేర్చుకోవలసింది ఒకటే. తిరుగు విమానానికి ముందురోజే ద్వీపం విడిచి శ్రీ విజయపురం చేరుకోవాలి. నైరుతి రుతుపవనాల కాలంలోను, అక్టోబరు - డిసెంబరు తుఫానుల కాలంలోను మరొక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవడం మంచిది.

7. సారాంశం

రవాణా అభివృద్ధి అంటే వేగం పెంచడమేనని సాధారణంగా అనుకుంటాం. రాధానగర్ ఉదాహరణ చూస్తే, వేగంతో పాటు రెండు ప్రశ్నలు అడగాలని తెలుస్తుంది: మార్పిడులు ఎన్ని? ప్రతి మార్పిడి దగ్గర తర్వాతి వాహనం ఎంతసేపటికి వస్తుంది? ఇవి ద్వీపాలకే పరిమితమైన ప్రశ్నలు కావు. ఓర్వకల్లు దగ్గర 2021 మార్చిలో కర్నూలు విమానాశ్రయం ప్రారంభమైంది. అయినా మండల కేంద్రానికి దూరంగా ఉన్న పల్లెలో సాయంత్రం చివరి బస్సు వెళ్లిపోతే, అక్కడి విద్యార్థికి కర్నూలు కూడా ఒక ద్వీపమే. అధ్యయన కేంద్రంలో తరగతి పూర్తికాకముందే బస్సు కోసం లేచి వెళ్లవలసి వచ్చిన వారికి ఈ మాట వేరే వివరించనక్కర లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టెర్మినల్ వ్యయానికి, మార్గ వ్యయానికి గల తేడాను మీ ప్రాంతపు ఉదాహరణతో రాయండి.
2. విమానం కాలాన్ని తగ్గించినా మార్పిడులను తగ్గించలేకపోవడానికి కారణం ఏమిటి?
3. మీ ఇంటి నుంచి అధ్యయన కేంద్రానికి చేసే ప్రయాణంలో కదిలే కాలాన్ని, వేచి ఉండే కాలాన్ని విడివిడిగా లెక్కించండి. ఏ దశను మెరుగుపరిస్తే ఎక్కువ ప్రయోజనమో పది వాక్యాలలో వివరించండి.