రక్తంలో కాల్షియం నియంత్రణ

కాల్షియం సమతుల్యత అనగా రక్తంలోని కాల్షియం పరిమాణాన్ని నిర్ణీత అవధుల మధ్య నిలిపి ఉంచే ప్రక్రియ. వయోజనుల శరీరంలో సుమారు 1 కిలోగ్రాము కాల్షియం ఉంటుంది. ఇందులో దాదాపు 99 శాతం ఎముకలలోను, దంతాలలోను ఉంటుంది. మిగిలిన స్వల్ప భాగం కండరాల సంకోచానికి, నాడుల పనికి, రక్తం గడ్డకట్టడానికి అవసరం. రక్తంలో ఇది సాధారణంగా 100 మిల్లీలీటర్లకు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాములు ఉంటుంది. ఈ స్థాయిని కాపాడటానికి శరీరం అవసరమైతే ఎముకలలోని నిల్వను ఖర్చుచేస్తుంది.

పారాథార్మోన్

అవటు గ్రంథి (థైరాయిడ్) వెనుక సాధారణంగా నాలుగు చిన్న పార్శ్వ అవటు గ్రంథులు ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గగానే ఇవి పారాథార్మోన్‌ను స్రవిస్తాయి. దీని ప్రభావాలు:

* ఎముకలనుండి కాల్షియం రక్తంలోకి విడుదలవుతుంది.
* మూత్రపిండాలు కాల్షియాన్ని తిరిగి గ్రహించి, ఫాస్ఫేటును విసర్జిస్తాయి.
* మూత్రపిండాలలో విటమిన్ డి క్రియాశీల రూపం (కాల్సిట్రయాల్) తయారీ పెరుగుతుంది.

కాల్షియం స్థాయి పెరిగినపుడు ఈ స్రావం తగ్గిపోతుంది.

కాల్సిట్రయాల్

సూర్యరశ్మి వలన చర్మంలో తయారైన విటమిన్ డి మొదట కాలేయంలోను, పిదప మూత్రపిండాలలోను మార్పు చెంది కాల్సిట్రయాల్ అనే హార్మోన్ అవుతుంది. ఆహారంలోని కాల్షియాన్ని ప్రేగులు గ్రహించడానికి ఇది తోడ్పడుతుంది. దీని లోపం వలన పిల్లలలో రికెట్స్ వస్తుంది.

కాల్సిటోనిన్

దీనిని అవటు గ్రంథిలోని సి-కణాలు స్రవిస్తాయి. ఇది ఎముకలు కరగడాన్ని తగ్గిస్తుంది. అయితే మానవులలో దీని పాత్ర స్వల్పం.

నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్

ఈ నియంత్రణకు ఎముకలు చెల్లించే మూల్యం నల్గొండ జిల్లాలో బయటపడింది. అక్కడి భూగర్భజలాలలో ఫ్లోరైడ్ అధికం. మోకాళ్ళు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని (జెనూ వాల్గమ్) అక్కడి యువకులలో గమనించిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 1976లో ప్రచురితమైన పరిశోధనలో ఇటువంటి రోగుల రక్తంలో పారాథార్మోన్ అధికంగా ఉన్నట్లు తేలింది. ఫ్లోరైడ్ ఎముకలో చేరి కాల్షియం అవసరాన్ని పెంచుతుంది. ఆహారంలో కాల్షియం చాలనపుడు పార్శ్వ అవటు గ్రంథులు మరింత చురుకుగా పనిచేసి ఎముకలనే కరిగిస్తాయి. అందుచేత రక్తపరీక్షలో కాల్షియం సరిగానే కనిపించినా ఎముకలు బలహీనపడి ఉండవచ్చును. సురక్షితమైన నీటితోపాటు పాలు, రాగులవంటి కాల్షియం గల ఆహారం ముఖ్యమనడానికి కారణం ఇదే.