చుక్కలు చూపించిన కార్లు!

సెల్ఫ్ కొడితే పలకదు. పలికితే కదలదు. కదిలిందా... ఏ నడిరోడ్డు మీదో ఆగిపోతుంది. ఇలాంటి కార్లు మనకే కాదు, ప్రపంచమంతా ఉన్నాయి. వాటిలో కొన్ని నవ్వు తెప్పిస్తాయి, కొన్ని జాలి పుట్టిస్తాయి. ఒకటి రెండు మాత్రం గుండె ఝల్లుమనిపిస్తాయి. 'చెత్త కార్లు'గా చరిత్రకెక్కిన వాటి కథాకమామిషు ఇది.

మంచి కారు గురించి చెప్పమంటే ఎవరైనా రెండు ముక్కల్లో తేల్చేస్తారు... 'బండి బాగుంది, మైలేజీ బాగా ఇస్తోంది' అని. అదే చెత్త కారు గురించి అడిగి చూడండి. పెళ్లికని బయల్దేరి భోజనాల వేళకి చేరడం దగ్గర్నుంచి, తిరుమల ఘాట్ రోడ్డులో రేడియేటర్ పొగలు కక్కడం దాకా గంటసేపు చెబుతారు. అప్పుడు ఏడిపించిన బండే ఇప్పుడు నవ్వుకోవడానికి పనికొస్తుంది మరి!

2007లో అమెరికా వారపత్రిక 'టైమ్' చరిత్రలోకెల్లా చెత్త కార్లు ఇవీ అంటూ 50 పేర్లతో ఓ జాబితా వేసింది. తూర్పు జర్మనీ ట్రబాంట్, యుగొస్లావియా యుగో, అమెరికా వాళ్ల ఎడ్సెల్, పింటో... అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో కారుదీ ఒక్కో కథ. ఏ కారూ ఊరికే చెత్తదైపోలేదు. ఒకదానికి పోటీ లేకపోవడం శాపమైతే, ఇంకోదానికి చవకదనం, మరోదానికి తొందరపాటు!

దూది కారు... పదేళ్ల క్యూ

తూర్పు జర్మనీలో 1957లో మొదలై 1991 దాకా తయారైన కారు ట్రబాంట్. ఉక్కుకు కరవు కావడంతో దాని ఒంటికి 'డ్యూరోప్లాస్ట్' తొడిగారు. అంటే వాడి పారేసిన దూది పీచును రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన రేకన్నమాట. జర్మన్లు దాన్ని ముద్దుగా 'పరుగెత్తే అట్టముక్క' అని పిలిచేవారు. రెండు సిలిండర్లు, 600 సీసీ, 26 హార్స్‌పవర్... ఇదీ ఇంజిన్ బలం. మన పాత రాజ్‌దూత్, ఎజ్డీ మోటారు సైకిళ్లలాగే పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. వెనకాల నీలి పొగ సరేసరి. చాలా మోడళ్లలో పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు కూడా ఉండదు. బానెట్ ఎత్తి, ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవాల్సిందే. ఆ ట్యాంకు ఉండేది సరిగ్గా ఇంజిన్ పక్కనే, కాస్త పైన!

'ట్రబాంట్ విలువ రెట్టింపు కావాలంటే ఏం చేయాలి? ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాలి' అని జోకు. కానీ ఆ దేశంలో నిజం దానికి తలకిందులు. కొత్త ట్రబాంట్ కోసం పేరు రాయించుకుంటే పదేళ్లకు పైగా ఎదురుచూడాలి. అందుకే చేతికందే పాత బండి ధర కొత్తదానికన్నా ఎక్కువ పలికేది. ఎంత చెత్తగా చేసినా కొనేవాళ్లు క్యూలో ఉన్నప్పుడు బాగు చేయాల్సిన అవసరం ఎవరికుంటుంది? 1964లో వచ్చిన మోడల్ పెద్ద మార్పుల్లేకుండా పాతికేళ్లు నడిచింది. దాదాపు 30 లక్షల ట్రబాంట్లు తయారయ్యాయి. 1989 నవంబరులో బెర్లిన్ గోడ తలుపులు తెరుచుకున్నాక ఆ కార్లే బారులు తీరి పశ్చిమానికి పొగలు కక్కుతూ వెళ్లాయి. పక్కన వోక్స్‌వ్యాగన్ కనపడగానే ట్రబాంట్ కథ ముగిసింది. ఇప్పుడు బెర్లిన్‌లో పర్యటకులు సరదాపడి ట్రబాంట్లలో ఊరు చూస్తున్నారు.

హారన్ తప్ప అన్నీ మోగేవి!

పదేళ్ల క్యూ అంటే మన పెద్దవాళ్లకి కొత్తేం కాదు. లైసెన్సుల రాజ్యంలో ఎవరెన్ని కార్లు చేయాలో ప్రభుత్వమే చెప్పేది. కారు కొనాలంటే ఉన్నవి మూడే మూడు... కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు కట్టి ఏళ్లూపూళ్లూ చూడాలి.

బ్రిటన్‌లో 1950ల్లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి అచ్చుగుద్దిన రూపం అంబాసిడర్. బ్రిటన్ వాళ్లు ఆ మోడల్‌ని ఎప్పుడో మరిచిపోయినా మనం 2014 దాకా తయారుచేస్తూనే ఉన్నాం. గేరు వేయాలంటే భుజబలం, బ్రేకు తొక్కాలంటే కాలిబలం ఉండాలి. 'అంబాసిడర్‌లో హారన్ తప్ప అన్నీ మోగుతాయి' అన్న జోకు ఊరికే పుట్టలేదు. చలికాలం పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే వీధిలో వాళ్లంతా వచ్చి తోయాల్సిందే. అప్పట్లో కారున్న ఇల్లంటే వెనక సీట్లో గోనెసంచి, నీళ్ల డబ్బా, ఫ్యాన్ బెల్టు తప్పనిసరి సరంజామా.

అయినా అంబాసిడర్‌ని ఒట్టి చెత్త అనేస్తే తిట్టేవాళ్లు చాలామందే ఉంటారు. గుంతల రోడ్డుకి తట్టుకునేది, ఎనిమిది మందినైనా కాదనేది కాదు, ఏ పల్లెటూరి మెకానిక్ అయినా స్పానరూ సుత్తీ పట్టుకుని బాగుచేసేవాడు. 2013లో బీబీసీ వారి 'టాప్ గేర్' కార్యక్రమం ప్రపంచంలోకెల్లా మేటి టాక్సీగా దీన్నే ఎంచింది. లోపం బండిలోకన్నా బండిని మార్చనవసరం లేని పరిస్థితుల్లో ఉంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మీట నొక్కగానే స్టార్టయ్యే కారు ఎలా ఉంటుందో జనానికి అప్పుడు తెలిసింది. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో రూ.80 కోట్లకు కొనుక్కుంది.

చేతులు కాచుకునే అద్దం

1985లో అమెరికాలో ఓ కొత్త కారు దిగింది. పేరు యుగో, ధర 3,990 డాలర్లు. ఆ దేశంలో అప్పటికి అంతకన్నా చవకైన కొత్త కారు లేదు. మాల్కమ్ బ్రిక్లిన్ అనే వ్యాపారి యుగొస్లావియాలోని జస్తావా ఫ్యాక్టరీ నుంచి దిగుమతి చేశాడు. పాత ఫియట్ 127 డిజైనుకి కాస్త మెరుగులు దిద్దిన బండి అది. 'ఈ ధరకి కారా!' అంటూ జనం షోరూముల ముందు ఎగబడ్డారు.

ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. చేతికొచ్చే పిడులు, మొరాయించే వైరింగు, టైమింగ్ బెల్టు వేళకి మార్చకపోతే ఏకంగా ఇంజినే పాడైపోవడం... ఒకటా రెండా! 'యుగో వెనక అద్దానికి హీటర్ ఎందుకు పెట్టారు? చలిలో కారు తోసేటప్పుడు చేతులు కాచుకోవడానికి' అంటూ జోకులు పేలాయి. దాదాపు లక్షా 40 వేల కార్లు అమ్మి 1992లో అమెరికా నుంచి మూటాముల్లె సర్దుకుంది. స్వదేశంలో మాత్రం 2008 దాకా నడిచింది. అక్కడి మధ్యతరగతికి అదే సొంత కారు కల మరి.

లక్ష రూపాయల కల

ఆ కలని మన దేశంలో నిజం చేయాలనుకున్న కారు నానో. స్కూటరు మీద ముందు ఒక పిల్లాడు, భార్యాభర్తల మధ్య ఇంకో పిల్ల... వానలో అలా వెళ్తున్న కుటుంబాన్ని చూసి వచ్చిన ఆలోచన ఇదని రతన్ టాటా చెప్పేవారు. 2008 జనవరి 10న దిల్లీ ఆటో ఎక్స్‌పోలో 'లక్ష రూపాయల కారు'ని చూపిస్తే ప్రపంచం నోరెళ్లబెట్టింది.

లక్షలో చేయాలంటే మాటలా? వైపరు ఒక్కటే. అద్దం ఒక్కటే. చక్రానికి మూడే నట్లు. ఇంజిన్ వెనక పెట్టారు, మొదట్లో డిక్కీ తలుపు బయటినుంచి తెరుచుకునేదే కాదు. సింగూరులో భూముల గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సనంద్‌కి తరలింది. 2010లో కొన్ని కార్లకు మంటలంటుకోవడంతో జనంలో భయం పట్టుకుంది. అన్నిటికీ మించి దెబ్బతీసింది 'అత్యంత చవక కారు' అన్న పేరే. మనవాళ్లకి కారంటే నలుగురిలో తలెత్తుకోవడం. 'డబ్బుల్లేక కొన్నాడు' అనిపించుకోవడానికి ఎవరు కొంటారు! అలా ప్రచారం చేయడం పొరపాటేనని రతన్ టాటా కూడా తర్వాత ఒప్పుకున్నారు. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీలో 2018 జూన్ నెలంతా కలిపి తయారైంది ఒకే ఒక్క నానో. ఊళ్లో తిరగడానికి ఇప్పటికీ దాన్నే నమ్ముకున్నవాళ్లు మాత్రం మాటపడనివ్వరు.

ఊరించి ఊరించి...

డబ్బు కుమ్మరించినా చెత్త కారు రావచ్చని నిరూపించింది ఫోర్డ్ కంపెనీ. హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ పేరుతో ఓ కారు వస్తోందంటూ నెలల తరబడి ఊరించింది. పేరు సూచించమని మరియన్ మూర్ అనే ప్రసిద్ధ కవయిత్రిని అడిగితే ఆవిడ చెప్పిన వాటిలో ఒకటి... 'యుటోపియన్ టర్టిల్‌టాప్'! 1957 సెప్టెంబరు 4న తీరా తెర తీస్తే... ముందు భాగం గుర్రం మెడపట్టీలా ఉందని నవ్వారు. గేరు బటన్లు స్టీరింగ్ మధ్యలో, హారన్ ఉండాల్సిన చోట పెట్టారు. హారన్ కొట్టబోయి గేరు నొక్కేసేవారు. ఏడాదికి 2 లక్షలు అమ్ముడవుతాయనుకుంటే తొలి ఏడాది పోయినవి 63 వేలు. రెండేళ్లకే 25 కోట్ల డాలర్ల నష్టంతో దుకాణం కట్టేశారు.

నవ్వలేని కథ

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ మనిషిని విసిగించిన కార్లు. పింటో అలా కాదు. విదేశీ చిన్న కార్ల పోటీని తట్టుకోవడానికి ఫోర్డ్ 1970లో హడావుడిగా తెచ్చిన కారది. పెట్రోలు ట్యాంకుని వెనక ఇరుసుకీ బంపరుకీ మధ్య అమర్చారు. వెనకనుంచి ఏదైనా గట్టిగా గుద్దితే ట్యాంకు నలిగి, ఇరుసు దగ్గరి బోల్టులు గుచ్చుకుని పెట్రోలు కారేది. ఒక్క నిప్పురవ్వ చాలు... కారు మంటల్లో చిక్కుకునేది. 

1977లో 'మదర్ జోన్స్' పత్రిక కంపెనీ లోపలి కాగితం ఒకటి బయటపెట్టింది. అందులో ఓ లెక్క ఉంది. మంటలు రేగకుండా మార్పు చేయడానికి బండికి 11 డాలర్లు... మొత్తం 13.7 కోట్ల డాలర్లు. చేస్తే దక్కే ప్రాణాలకు, తప్పే గాయాలకు విలువ కడితే 4.95 కోట్ల డాలర్లే. మనిషి ప్రాణం ఖరీదు 2 లక్షల డాలర్లు! నిజానికి ఆ లెక్క ఒక్క పింటోది కాదు. బండి బోల్తా పడితే పెట్రోలు కారడం గురించి, దేశంలోని కార్లూ చిన్న ట్రక్కులన్నిటికీ కలిపి వేసింది. ప్రాణం విలువ కూడా ప్రభుత్వ సంస్థ ఇచ్చిన అంకే. అయినా ఆ కాగితం చదివిన జనం రక్తం ఉడికిపోయింది. మంటల్లో ఒళ్లంతా కాలిపోయిన ఓ పదమూడేళ్ల బాలుడి కేసులో 1978లో జ్యూరీ 12.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. తర్వాత న్యాయమూర్తి 35 లక్షలకు తగ్గించారు. అదే ఏడాది ఫోర్డ్ 15 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. చేసిన రిపేరేమిటో తెలుసా? ట్యాంకుకి అడ్డుగా ఓ ప్లాస్టిక్ రేకు, పెట్రోలు పోసే గొట్టం కాస్త పొడుగు!

అంతకుముందే 1965లో రాల్ఫ్ నాడర్ అనే యువ లాయరు కార్ల భద్రతపై పుస్తకం రాసి షెవర్లే 'కోర్వేర్'ని ఏకిపారేశారు. ఆ కారు మిగతావాటికన్నా ప్రమాదకరమేం కాదని 1972లో ప్రభుత్వ పరీక్షలు తేల్చినా, పుస్తకం లేపిన దుమారం ఊరికే పోలేదు. 1966లో అమెరికాలో వాహన భద్రత చట్టం వచ్చింది. చెడ్డ కారు తయారుచేసినవాణ్ని ప్రశ్నించే హక్కు కొనేవాడికి అలా దక్కింది.

చుక్కలు చూసి కొనండి

మన దగ్గర ఆ ప్రశ్న గట్టిగా వినిపించింది 2014 జనవరిలో. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన రోడ్ల మీద బాగా తిరిగే ఐదు కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో... ఎయిర్‌బ్యాగుల్లేని మోడళ్లు. పెద్దవాళ్ల రక్షణలో అన్నిటికీ వచ్చింది సున్నా! మెరిసే రంగు, మంచి మైలేజీ, ఒక్క రోజు కూడా మొరాయించని ఇంజిన్... కానీ గుద్దుకుంటే మనిషికి పూచీ లేదు. ఇబ్బందిపెట్టే కారు చెత్తదని మనకి తెలిసిపోతుంది. ఇలాంటి లోపం ప్రమాదం జరిగేదాకా తెలియదు. అందుకే అది ఎక్కువ భయపెట్టాలి.

ఆ తర్వాత పరిస్థితి మారింది. 2018లో టాటా నెక్సాన్ మన దేశంలో తయారైన కార్లలో తొలిసారి ఐదు చుక్కలు సాధించింది. 2019లో డ్రైవరుకి ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరయ్యాయి. తర్వాత పక్కసీటుకీ ఎయిర్‌బ్యాగు వచ్చింది. 2023 అక్టోబరులో మన సొంత పరీక్ష 'భారత్ ఎన్‌క్యాప్' మొదలైంది.

కాబట్టి షోరూముకి వెళ్లినప్పుడు మైలేజీ, రంగు, డిస్కౌంటుతో పాటు ఇంకొన్ని అడగండి. ఈ కారుకి ఎన్ని చుక్కలు? ఆ చుక్కలు పెద్దవాళ్లకెన్ని, పిల్లలకెన్ని? పరీక్షించిన మోడల్లో ఉన్న ఎయిర్‌బ్యాగులు మనం కొనే మోడల్లోనూ ఉన్నాయా? సెకండ్‌హ్యాండ్ కొంటుంటే ఛాసిస్ నంబరు చెప్పి, కంపెనీ వెనక్కి పిలిచిన కార్లలో అదీ ఉందేమో, ఉంటే రిపేరు చేయించారో లేదో డీలరు దగ్గర కనుక్కోండి. ఇంకోమాట... సీటుబెల్టు పెట్టుకోకపోతే ఐదు చుక్కల కారు కూడా కాపాడలేదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది.

కొన్నాక కారు చూపించే చుక్కలకన్నా, కొనకముందు మనం చూసుకునే చుక్కలే మేలు కదా!